నా ఉద్యోగానికి ఆదరణ కూడిక

సికింద్రాబాదు కార్ఖానాలో ఉన్న మా చర్చి గేటుకు ఆవిడ ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. తెల్ల నేత చీర, నూనె రాసి నున్నగా దువ్విన జుట్టు, ఫొటో తీసినవాడి మీద కోపం వచ్చినట్టు బిగించిన పెదవులు. కింద ఎర్రటి అక్షరాలు: "నిరుద్యోగుల పాలిట తల్లి ప్రభువునందు నిద్రించారు." స్కూటీ ఆపి అది చదివి, ఏడుపు మధ్యలో నవ్వేశాను. ఆవిడే గనక ఆ ఫ్లెక్సీ చూసి ఉంటే, కట్టినవాణ్ణి అక్కడికే పిలిపించేవారు. "నిరుద్యోగులంటే ఎవరబ్బాయ్? ఏ రకం? అందర్నీ ఒకే గాటన కట్టేస్తే ఎట్టా?" అని గేటు దగ్గరే పాఠం మొదలయ్యేది. ఆవిడ పోయినందుకు మాకు మిగిలిన ఒకే ఒక్క లాభం ఏమిటంటే, ఆ ఫ్లెక్సీ ఇంకా అక్కడే ఉంది.

ఆవిడను మా చర్చిలో పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ టీచరమ్మ. నిజానికి లెక్చరరు. పెళ్ళయి గుంటూరు వైపు నుంచి సికింద్రాబాదు వచ్చి, ఆడపిల్లల జూనియర్ కాలేజీలో రిటైరయ్యేదాకా ఎకనామిక్స్ చెప్పారు. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నా ఆవిడ యాస మాత్రం రైలు దిగిన రోజుదే. ఎదుటివాళ్ళు తప్పు మాట అంటే చాలు, ఆవిడ అరచెయ్యి లేచి గాల్లో బోర్డు తుడిచేసేది. తుడిచాక వేళ్ళు దులుపుకునేవారు, సుద్దపొడి అంటినట్టు. పెద్దమనుషుల మాటలు కూడా అలాగే తుడిచేసేవారు. వాళ్ళకు ఒళ్ళు మండేది.

మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. ఆరాధన చివర అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, "ఉద్యోగం లేని బిడ్డలు లేచి నిలబడండి, ప్రార్థన చేద్దాం" అంటారు. లేచినవాళ్ళు తల దించుకుంటారు. కూర్చున్నవాళ్ళు కళ్ళు మూసుకున్నట్టే ఉండి, ఎవరెవరు లేచారో చూస్తారు. ఇంటికి పోయే దాకా ఆటోలో అదే కబురు.

ఒక ఆదివారం అలా పిలవగానే టీచరమ్మ లేచారు. అయ్యగారు కుర్రవారు, కొత్తగా వచ్చినవారు, కంగారుపడ్డారు. "అమ్మా, మీరు రిటైరయ్యారు కదా" అన్నారు మైకులోనే.

"నా కోసం కాదయ్యగారూ. ఒక్క మాట. వీళ్ళందరికీ కలిపి ఒకే ప్రార్థన చేస్తున్నారు. ఆసుపత్రికెళితే జ్వరానికీ కాలు విరిగినదానికీ ఒకటే మాత్ర ఇస్తారా? ముందు ఎవరిది ఏ రకమో అడగండి."

"దేవునికి అన్నీ తెలుసు కదమ్మా."

"ఆయనకి తెలుసు. మనకి తెలియదు. తెలియదు గాబట్టే ప్రతి ఏడూ వీళ్ళే లేచి నిలబడుతున్నారు."

ఎవరో దగ్గారు. ఎవరో నవ్వు ఆపుకున్నారు. "ఆరాధన అయినాక అడుగుదాం అమ్మా" అని అయ్యగారు తప్పించుకున్నారు. తప్పించుకున్నానని అనుకున్నారు, పాపం.

ఆరాధన అయ్యాక మాకు రేకుల షెడ్డు కింద టీ ఇస్తారు. టీచరమ్మ టీ గ్లాసు పట్టుకుని అక్కడ కాపు కాశారు. లేచి నిలబడ్డ ఒక్కొక్కర్నీ పట్టుకుని అడగడమే. ఒక నర్సు పిల్ల, ఒక హాస్పిటల్ మానేసి వచ్చే నెల ఇంకో దాంట్లో చేరబోతోంది. "నీది నిరుద్యోగం ఏంటే? దారిలో ఉన్నావంతే. టికెట్టు తీసుకుని మీ అమ్మని చూసిరా, చేరితే మళ్ళీ సెలవివ్వరు" అని పంపించేశారు. ఇంకో కుర్రాడు గవర్నమెంటు ఉద్యోగం పరీక్షలకు ఏళ్ళుగా చదువుతున్నాడు. పక్కనే ఉన్న సంఘపెద్ద ఒకాయన, "మనసుంటే మార్గముంటది టీచరమ్మా. ఇప్పటి పోరగాండ్లకు బద్ధకం" అన్నాడు. వెంటనే చెయ్యి లేచింది, బోర్డు తుడుపుడయింది.

"బద్ధకం కాదండీ. వీడు బస్సు కోసం స్టాపులో నిలబడ్డవాడు. ఈలోగా ఆటో వచ్చినా ఎక్కడు, ఎక్కితే బస్సు తప్పిపోద్దని భయం. ఆ బస్సు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. తప్పు వీడిదా?"

"మరి పనిచేసేటోనికి పని దొరుకుతలేదా?"

"మొన్న ప్రేమవిందులో బిర్యానీ మీరే వండించారుగా. చివరి వరసకి అందలేదు. వాళ్ళని ఏమన్నారు? ముందే లేచి రావాల్సిందన్నారు. వాళ్ళు ముందొస్తే ఇంకెవరో చివరుంటారు. డేగిసా చిన్నది పెట్టి, ఆకలితో పోయినవాణ్ణి బద్ధకస్తుడంటే ఎట్టాగండీ?"

ఆ పెద్దాయన మళ్ళీ టీకి ఆ మూలకు రాలేదు. కార్ఖానా మెయిన్ రోడ్డు మీద జిరాక్స్ షాపు నడిపే అన్నదమ్ములు ముగ్గురు కూడా కొన్నాళ్ళు ఆవిడతో మాట్లాడటం మానేశారు. వాళ్ళు ఎప్పుడూ లేచి నిలబడలేదు, షాపుంది కదా. ఆవిడ వెళ్ళి, "ఈ మిషను ఒక్కడు నడుపుతాడు. మిగతా ఇద్దరూ లేకపోయినా కాపీ ఇంతే బాగా వస్తుంది. మీరిద్దరూ కూడా లేవండి నాయనా, మీ కోసమూ ప్రార్థన చేస్తారు" అని చెప్పి వచ్చారట. ఎవరికైనా కోపం రాదా మరి. అయినా ఆ ఏడాదిలోనే చిన్నవాడు ఫ్రిజ్‌లు రిపేరు చేసే పని నేర్చుకుని బయటపడ్డాడు.

ఇక పంచాంగం సంగతి చెప్పాలి. మా చర్చి చరిత్రలో అంత గొడవ ఎప్పుడూ జరగలేదు.

టీచరమ్మ ఇంటి ముందు గదిలో, బైబిలు వాక్యం రాసిన చర్చి క్యాలెండరు పక్కనే, పంచాంగం క్యాలెండరు ఒకటి వేలాడేది. తిథులు, వర్జ్యాలు, మూఢాలు అన్నీ ఉన్నది. కూరగాయలు ఇవ్వడానికి వెళ్ళిన ఒక అమ్మ అది చూసింది. మరుసటి ఆదివారానికి చర్చంతా పాకింది. టీచరమ్మ జాతకాలు చూస్తోందట, భర్త పోయాక మనసు పాడైందట, విశ్వాసంలో నుంచి జారిపోయిందట. అయ్యగారు సంఘపెద్దలిద్దర్ని వెంటబెట్టుకుని, గట్టి ప్రార్థన చేయడానికి ఆవిడ ఇంటికి వెళ్ళారు. అయ్యగారి భార్య సాయం రమ్మంటే నేనూ వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, చూడాలని నాకూ ఉంది.

మేం వెళ్ళేసరికి ఆవిడ ఆ క్యాలెండరు ముందే నిలబడి ఉన్నారు. పక్కన మా బ్యాండు అన్న. ఆయన చర్చిలో క్రిస్మస్‌కు ట్రంపెట్ వాయిస్తాడు, మిగతా రోజుల్లో పెళ్ళిళ్ళ బ్యాండులో వాయిస్తాడు.

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, ఇది మన ఇళ్ళల్లో ఉండాల్సినది కాదు."

"ఎందుకుండకూడదయ్యగారూ? ఈ అబ్బాయి అన్నం ఎప్పుడు తింటాడో, ఎప్పుడు మానతాడో ఇందులోనే రాసి ఉంది. మీ క్యాలెండర్లో రాసి లేదు."

అయ్యగారు బ్యాండు అన్న వైపు చూశారు. ఆయన చేతులు కట్టుకుని చెప్పాడు. "మూఢం షురూ అయితే హిందువుల లగ్గాలు బంద్ అయ్యగారూ. ఆషాఢంల బంద్. ఈసారి మూఢం, ఈస్టర్ ముందటి మన శ్రమల దినాలు ఒక్కతానే వడ్డయి. అండ్ల మనోళ్ళు సుత పెండ్లి చేయరు. రెండు దిక్కులా బంద్. పోయినేడు ఇట్లనే అయితే బాజా కుదువ పెట్టిన."

"వీడు మీరు పిలిచినప్పుడల్లా లేచి నిలబడతాడు" అన్నారు టీచరమ్మ. "మీరు ఉద్యోగం ఇమ్మని ప్రార్థిస్తారు. వీడికి ఉద్యోగం ఉంది. ఊదేవాడు ఊదుతూనే ఉన్నాడు, ఊదించేవాళ్ళు కొన్ని నెలలుండరు. ఆ నెలలు ముందే తెలిస్తే ఏదన్నా చూసుకోవచ్చు. స్కూళ్ళలో బ్యాండు నేర్పడానికి ఎవరూ లేరంట, నేను అడిగి పెట్టాను. ఇప్పుడు చెప్పండి, క్యాలెండరు తీసెయ్యనా?"

అయ్యగారు దగ్గరికి వెళ్ళి, ఆ పంచాంగం మీద వేలు పెట్టి, మూఢం ఎప్పుడు ముగుస్తుందో తనే చదివారు. తర్వాత ప్రార్థన చేశారు గానీ, అది మేం చేద్దామని వచ్చిన ప్రార్థన కాదు. ఆ రోజు నుంచి ఆయనకు ఆవిడంటే భయం పోయి గౌరవం వచ్చింది. లేకపోతే తర్వాత నా కోసం ఆయన చేసిన పని చేసేవారే కాదు.

నా సంగతికొస్తాను. నేను మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసేదాన్ని. ఎక్కడో పరాయి దేశపు డాక్టర్లు రోగిని చూసి గబగబా చెప్పిన మాటలు ఇక్కడ చెవుల్లో పెట్టుకుని విని, టైపు చేసి పంపే పని. మాట నడపడానికీ ఆపడానికీ కాలి కింద ఒక పెడలుంటుంది. నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే ఆగుతాడు. మొగుళ్ళక్కూడా ఇలాంటిదొకటి ఉంటే బాగుండునని ఆఫీసులో ఆడవాళ్ళం నవ్వుకునేవాళ్ళం. పెళ్ళికి ముందు చేరాను. నా కూతురు ఇంటర్‌కు వచ్చేదాకా అదే పని. ఎంత ముద్దమాటల డాక్టరయినా నా చెవికి అర్థమయ్యేవాడు. ఆ గర్వం నాకు బాగా ఉండేది.

తర్వాత మాట వినే పని కంప్యూటరు నేర్చుకుంది. అది రాసినదాన్ని మేం దిద్దాలన్నారు. కొన్నాళ్ళకు దిద్దాల్సినవి తగ్గాయి, దిద్దేవాళ్ళూ తగ్గారు. ఒకరోజు మా మేనేజరు ఎవరి పెడలు వాళ్ళ చేతికిచ్చి మమ్మల్ని ఇళ్ళకు పంపిస్తూ, "కొత్త ప్రాజెక్టు రాగానే పిలుస్తం, ఎక్కడా చేరకండి" అని చెప్పి, వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాడు. వారానికోసారి అందులో "త్వరలో" అని మెసేజీ వచ్చేది. దానికి అందరం దండం బొమ్మ పెట్టేవాళ్ళం. ఇంట్లో మా ఆయన స్కూలు బస్సు నడిపే జీతం ఒక్కటే. కూతురి కాలేజీ ఫీజు నెత్తి మీద ఉంది. అయినా ఇంకెక్కడా అడగలేదు నేను. పిలుస్తామన్నారు కదా. చర్చిలో మొదట్లో లేచి నిలబడ్డాను, తర్వాత సిగ్గేసి మానేశాను.

ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో నా మోకాలి మీద ఒక చెయ్యి పడింది. పక్కన టీచరమ్మ.

"నీ కాలేంటే అట్టా నొక్కుతోంది?"

అప్పటిదాకా నాకే తెలియదు. అయ్యగారు మాట్లాడుతుంటే నొక్కుతున్నాను, ఆయన ఊపిరి తీసుకుంటే వదులుతున్నాను. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. షెడ్డు కిందికి తీసుకెళ్ళి బిస్కెట్టు సగం విరిచి నా చేతిలో పెట్టారు. మొత్తం చెప్పాను.

"పిలుస్తరు టీచర్. గ్రూపుల పెడుతున్నరు. జెర టైం పడుతదంట, అంతే."

చెయ్యి లేవలేదు. బోర్డు తుడవలేదు. నా మొహంలోకే చూస్తూ, "అమ్మాయ్, నీది దారిలో ఉన్న రకం కాదు" అన్నారు. "వ్యాపారం డల్లయి, మళ్ళీ పుంజుకుంటే పిలిచే రకమూ కాదు. నీ ఉద్యోగం చచ్చిపోయింది."

నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. "మీరట్ల అనొద్దు టీచర్. ప్రార్థన చేస్తున్న నేను" అన్నాను.

"చెయ్. బతికున్నదాని కోసం చెయ్. చచ్చినదాన్ని పక్కన పెట్టుకుని వైద్యం చేస్తుంటే నువ్వు తిండి మానేసి కూర్చుంటావు. మనిషి పోతే మనమేం చేస్తాం? మూడో రోజు ఆదరణ కూడిక పెడతాం. నీ ఉద్యోగానికీ పెడదాం. శనివారం మా ఇంటికి రా. ఆ పెడలు పట్టుకురా."

మా వాళ్ళల్లో మనిషిని భూస్థాపన చేశాక, మూడో రోజు ఇంట్లో నలుగురూ కూడి పాటలు పాడి, వాక్యం చదివి, ఇంటివాళ్ళను ఓదారుస్తాం. అదీ ఆదరణ కూడిక. ఉద్యోగానికి అది పెట్టడమేమిటి? ఇంటికెళ్ళి మా ఆయనకు చెబితే, "మీ టీచరమ్మకు దిమాక్ ఖరాబైంది" అన్నాడు. వెళ్ళకూడదనే అనుకున్నాను. శనివారం పొద్దున పెడలు సంచీలో ఎందుకు పెట్టుకున్నానో చెప్పలేను.

అయ్యగారు కూడా వచ్చి ఉన్నారు. వాకిట్లోనే ఆవిడతో వాదన. "అమ్మా, ఉద్యోగానికి ఆదరణ కూడికని వాక్యంలో ఎక్కడుంది?"

"ఆదరణ ఎవరికయ్యగారూ? పోయినవాళ్ళకా, మిగిలినవాళ్ళకా?"

ఆయన చెప్పులు విప్పి లోపలికి వచ్చారు.

బల్ల మీద గుడ్డ పరిచి, మనిషి ఫొటో పెట్టే చోట నా పెడలు పెట్టారు టీచరమ్మ. వైరు చుట్ట చుట్టి, ముందు పక్క కాలు రుద్ది రుద్ది అరిగిపోయి ఉంది. బ్యాండు అన్న ట్రంపెట్ తీసి, భూస్థాపనప్పుడు వాయించే పాట మెల్లగా వాయించాడు. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. "ప్రభువా, నీ దాసురాలి... నీ దాసురాలి యొక్క..." అని ఆగిపోయారు. మళ్ళీ మొదలుపెట్టి, మామూలు గొంతుతో, "ఇన్నేళ్ళు ఈ పని ఈ ఇంటికి అన్నం పెట్టింది ప్రభువా, వందనాలు. అది ఇక లేదు. ఈ అక్కకు ధైర్యమియ్యి" అన్నారు.

"అది ఇక లేదు" అని ఇంకొకరి నోటి నుంచి విన్నాక నేను ఏడ్చాను. మా నాన్న పోయినప్పుడు ఎలా ఏడ్చానో అలాగే. ఎవరూ ఊరుకోమనలేదు. తర్వాత టీ తాగాం, సమోసాలు తిన్నాం. ఆశ్చర్యం, ఎన్నాళ్ళకో ఆకలేసింది. పాత సామాన్ల బండి అరుపు వినపడితే టీచరమ్మ పెడలు చేత్తో పట్టుకుని బయటికి నడిచారు. నన్ను అడగను కూడా లేదు.

అందరూ వెళ్ళాక నేను గ్లాసులు కడుగుతుంటే, ఆవిడ తుడుస్తూ చెప్పారు. ఆవిడ భర్త గురించి అంతకుముందు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ తాళం వేశారు. తెరుస్తారన్నారు. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ గేటు దగ్గరికి పోయేవాడు. అక్కడ నలుగురూ చెట్టు కింద కూర్చుని, ఇవాళ తెరుస్తారా, రేపు తెరుస్తారా అని. నేను క్యారేజీ కట్టిచ్చేదాన్ని. మా స్టూడెంటు వాళ్ళ నాన్న ఆ కంపెనీ ఆఫీసులో ఉండేవాడు. ఆయనే వచ్చి చెప్పాడు, స్థలం అమ్మేశారు టీచర్, ఇక తెరవరని. అప్పటికి మా ఆయన ఇంకా గట్టిగా ఉన్నాడు. ఏదన్నా నేర్చుకోగలడు, ఎక్కడన్నా చేరగలడు."

"చెప్పిన్రా మరి?"

"చెబితే కూలిపోతాడనిపించింది. క్లాసులో ఆడపిల్లలకి బోర్డు మీద రాసేదాన్ని, పరిశ్రమ మూతపడితే వచ్చే నిరుద్యోగం ఏ రకమో, ఎందుకు తగ్గదో. మార్కులు కూడా వేసేదాన్ని. ఇంటికొచ్చి క్యారేజీ కట్టేదాన్ని. పోయేముందు మంచం మీద కూడా అడిగాడే, గేటు తెరిచారా అని. తెరుస్తారులెండి అన్నాను."

గ్లాసు తుడవడం అయిపోయినా తుడుస్తూనే ఉన్నారు. ఆవిడ చేతిలోంచి గ్లాసు తీసుకుని స్టాండులో పెట్టాను.

ఆ సోమవారం నుంచి నన్ను రోడ్డెక్కించారు. కార్ఖానా నుంచి తిరుమలగిరి దాకా ఎన్ని ఆసుపత్రులున్నాయో ఆ ఎండలో నాకు తెలిసొచ్చింది. ఆవిడ గొడుగు వేసుకుని బయట వాచ్‌మన్ కుర్చీలో కూర్చునేవారు. అతను నిలబడేవాడు. లోపలికి వెళ్ళేముందు నాకు ఒకటే మాట. "ఉద్యోగం ఉందా అని అడక్కు. లేదంటారు. ఎవరూ లేక మీ దగ్గర ఏ పని ఆగుతోందని అడుగు."

చాలాచోట్ల నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఒకచోట ఇరవయ్యేళ్ళ రిసెప్షన్ పిల్ల, "ఆంటీ, పేషెంటా?" అంది. ఏడుపు మొహంతో బయటికొస్తే టీచరమ్మ తిట్టారు, నన్ను కాదు, ఆసుపత్రివాళ్ళని. "మనుషులు కావాలి వీళ్ళకి, ఉన్నవాళ్ళతోనే లాగిస్తారు. బయట ఇంత వరస నిలబడి ఉంటే లోపలున్న ఆ పిల్ల జీతం పెంచమని అడగదు గదా. ఈ వరస తగ్గాలని ఎవరికుంటుందే? నడు, ఇంకో దాంట్లో అడుగుదాం."

తిరుమలగిరిలో ఒక ఆసుపత్రిలో మాత్రం, ఇన్సూరెన్సు డెస్కులో ఉన్న పెద్దాయన నా ప్రశ్న విని తలెత్తాడు. "రోగాల పేర్లు తెలిసినోళ్ళు దొరుకుతలేరమ్మా. డాక్టర్లు చెప్పింది మా పిల్లలకు సమజ్ కాదు, తప్పు రాస్తరు, క్లెయిములు వాపస్ వస్తయి" అన్నాడు. ఆ పేర్లు నాకు నిద్రలో కూడా వచ్చు. క్లెయిముల పని మాత్రం రాదు. దానికొక కోర్సు ఉందన్నాడు. నా కూతురి ఈడు పిల్లల మధ్య బెంచీ మీద కూర్చుని అది నేర్చుకున్నాను. అర్థం కాక మధ్యలో మానేస్తానంటే ఆవిడ మా ఇంటికొచ్చి కూర్చున్నారు, నన్ను మాననివ్వకుండా. చివరికి ఆ డెస్కులోనే చేరాను. జీతం పాతదానిలో సగానికి కాస్త ఎక్కువ. ఇన్నేళ్ళూ రోగుల గురించి చెవులతో విన్నాను, ఇప్పుడు వాళ్ళ మొహాలు చూస్తున్నాను. అది మొదట్లో చాలా కష్టమైంది. వాట్సాప్ గ్రూపులోంచి నేనే బయటికొచ్చేశాను. అందులో అప్పటికీ "త్వరలో" అనే ఉంది.

ఉద్యోగం వస్తే మా చర్చిలో సాక్ష్యం చెప్పాలి, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పాలి. అందరూ చెప్పే పద్ధతిలో నేనూ సిద్ధం చేసుకున్నాను. ప్రార్థించాను, ప్రభువు కోసం కనిపెట్టుకుని ఉన్నాను, దేవుడు ద్వారం తెరిచాడు. శనివారం వెళ్ళి టీచరమ్మకు వినిపించాను. అప్పటికి ఆవిడకు నడిస్తే ఆయాసం. దిండుకు ఆనుకుని విని, చెయ్యి ఎత్తారు. గాల్లో బోర్డు అంతా తుడిచేశారు.

"ఇది విని ఇంటికెళ్ళి, ఇంకో ఏడాది కూర్చునేవాళ్ళు ఎంతమందో తెలుసా నీకు? కనిపెట్టుకుని కూర్చుంటే పాతదే వస్తుందనుకుంటారు. రాలేదని చెప్పు. జీతం తగ్గిందని చెప్పు. చిన్నపిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నానని చెప్పు. దేవుడు మెచ్చుకుంటాడు, పోనీ కోప్పడితే నా పేరు చెప్పు."

"నవ్వుతరు టీచర్."

"నవ్వనీ."

ఆదివారం మైకు ముందు నిలబడ్డాను. ఆవిడ చెప్పమన్నట్టే చెప్పాను. నా పాత పని చచ్చిపోయింది, అది రాలేదు, ఇక రాదు. వస్తుందని కూర్చున్నన్నాళ్ళు నేను నా ఇంటికి నష్టం చేశాను. ఇప్పుడు చేసేది వేరే పని, జీతం తక్కువ, కొత్తగా నేర్చుకున్నాను. దేవునికి వందనాలు, నాకు నిజం చెప్పిన మనిషిని ఇచ్చినందుకు. దిగి వస్తుంటే ఎవరూ "స్తోత్రం" అనలేదు. టీచరమ్మ ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నేను రాసిన పరీక్షలో తనే పాసైనట్టు చూస్తున్నారు. ఆవిడ చర్చికి రావడం అదే ఆఖరు.

ఆరాధన అయ్యాక ఒకమ్మాయి నా కొంగు పట్టుకుని పక్కకు లాగింది. మొహం తెలుసు, ఎప్పుడూ పెద్దగా మాట్లాడింది లేదు. చంకలో పిల్ల.

"అక్కా, మా ఆయన మేడ్చల్ దిక్కు గోడౌన్ల సూపర్‌వైజరు. అది బంద్ వెట్టిన్రు. మల్ల తెరుస్తరని కూసున్నడు. ఇంకోతాన పిలిచినా పోతలేడు, వాళ్ళు పిలిస్తే ఎట్ల అంటడు" అంది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మేనేజర్ భార్య నాతోని చెప్పింది, ఇగ తెరువరట. ఆయనకు తెల్వదు. నేను చెప్పలే. మస్తు ఆశ పెట్టుకున్నడక్కా. చెప్తే ఏమైతడో అని పరేషాన్ ఉంది. చెప్పాల్నా?"

నాకు జవాబు తెలుసు. కానీ అది చెప్పాల్సింది నేను కాదు. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని టీచరమ్మ కుర్చీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ అమ్మాయి మళ్ళీ మొదటినుంచీ అంతా చెప్పింది. ఎప్పుడూ పైకి లేచే టీచరమ్మ చెయ్యి ఒళ్ళోనే ఉంది. కళ్ళు నిండిపోయాయి, తుడుచుకోలేదు. ఆయాసం తగ్గేదాకా ఆగి, ఆ అమ్మాయి మణికట్టు పట్టుకున్నారు.

"నేను చెప్పలేదమ్మా" అన్నారు. "నువ్వు చెప్పు. ఇంటికెళ్ళి ముందు అన్నం పెట్టు. తిన్నాక చెప్పు."